వచ్చే సీజన్‌లో ఏ కాలేజీ జట్టు నిలుస్తుంది? అమెరికా బాస్కెట్‌బాల్ అంచనాలను చదివే పద్ధతి

మన ఇళ్ళలో ఉగాది పంచాంగం విప్పే రోజులకే అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ చివరికి వస్తుంది. ఫైనల్ అక్కడ సోమవారం రాత్రి, మనకు మంగళవారం తెల్లవారి. ఛాంపియన్ ఎవరో తేలిన మర్నాడే అక్కడి పత్రికలు వచ్చే సీజన్‌లో మొదటి ఇరవై ఐదు జట్లు ఇవేనంటూ జాబితాలు వేసేస్తాయి. అప్పటికి సగం జట్లలో ఎవరు ఉంటారో, ఎవరు పోతారో ఆ కోచ్‌లకే తెలియదు.

బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం వంటి ఊళ్ళలో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలలో చాలామందికి అమెరికాలో చదువుకుంటున్న కొడుకో, కూతురో, మేనల్లుడో ఉన్నారు. క్రికెట్ ఎరిగి వెళ్ళిన ఆ పిల్లలు మొదటి చలికాలంలోనే తమ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు అభిమానులైపోతారు. వాళ్ళతోపాటు ఇక్కడి ఇంటివాళ్ళూ స్కోర్లు చూడటం నేర్చుకుంటున్నారు. ఏ జట్టు గెలుస్తుందో మేము ఇక్కడ చెప్పబోవడం లేదు. వచ్చే సీజన్ అంచనా ఎలా వేస్తారు, అందులో ఏది నిలబడుతుంది, ఏది గాలి మాట అన్నదే ఈ వ్యాసం. చివరలో డబ్బు సంగతి కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ భాగం వదలకుండా చదవాలని మా కోరిక.

ముందుగా ఆట చట్రం. ఎన్.సి.ఏ.ఏ. అనే సంస్థ కింద డివిజన్ 1 స్థాయిలో 360కి పైగా పురుషుల జట్లు ఆడతాయి. ఈ జట్లన్నీ కాన్ఫరెన్సులు అనే కూటములుగా విడిపోయి ఉంటాయి. నవంబర్ మొదట్లో ఆట మొదలై, మార్చి, ఏప్రిల్‌లలో జరిగే 68 జట్ల నాకౌట్ టోర్నమెంటుతో ముగుస్తుంది. ఈ టోర్నమెంటులో ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. జట్ల బలాన్ని బట్టి 1 నుంచి 16 దాకా సీడ్ నంబర్లు ఇస్తారు. సీజన్‌కు ముందు అక్టోబర్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ క్రీడా విలేఖరుల ఓట్లతో 25 జట్ల ర్యాంకులు ప్రకటిస్తుంది. 'ముందస్తు ర్యాంకు' అని ఈ వ్యాసంలో మేము అనేది దాన్నే.

మార్చి నెల చేసే మోసం

వచ్చే సీజన్ గురించి ఎవరైనా మొదట చూసేది, పోయిన టోర్నమెంటులో ఆ జట్టు ఎంత దూరం వెళ్ళిందన్నది. అంచనాలు ఎక్కువగా చెడేది కూడా ఇక్కడే.

నార్త్ కరోలినా సంగతి చూడండి. 2021-22లో ఆ జట్టు చాలా కాలం అంతంతమాత్రంగా ఆడింది. టోర్నమెంటులోకి 8వ సీడ్‌గా వచ్చింది. అక్కడ ఒక్కసారిగా చెలరేగి, సెమీఫైనల్లో తన చిరకాల ప్రత్యర్థి డ్యూక్‌ను 81-77తో ఓడించి, ఫైనల్లో కాన్సాస్ మీద మొదటి సగానికి 15 పాయింట్లు ముందుండి కూడా 72-69తో ఓడిపోయింది. ఆ అయిదుగురు ముఖ్య ఆటగాళ్ళలో నలుగురు తిరిగి వస్తున్నారని తెలిసి 2022-23కు విలేఖరులు మొదటి ర్యాంకు కట్టబెట్టారు. ఫలితం 20 గెలుపులు, 13 ఓటములు, టోర్నమెంటులో చోటే దొరకలేదు. 1985లో టోర్నమెంటును 64 జట్లకు పెంచిన తర్వాత, ముందస్తు మొదటి ర్యాంకు జట్టుకు ఇలా జరగడం అదే తొలిసారి.

అదే రాష్ట్రంలోని నార్త్ కరోలినా స్టేట్ జట్టు 2024లో ఇంకా వింత చేసింది. కాన్ఫరెన్స్ టోర్నమెంటులో అయిదు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు గెలిచి, 11వ సీడ్‌గా జాతీయ టోర్నమెంటులోకి వచ్చి, చివరి నాలుగు జట్లలో నిలిచింది. మరుసటి సీజన్‌లో 12 గెలిచి 19 ఓడింది, కోచ్ ఉద్యోగం పోయింది. 2023లో చివరి నాలుగింటిలో నిలిచిన మయామి కూడా మరుసటి సీజన్ 13వ ముందస్తు ర్యాంకుతో మొదలుపెట్టి 15-17తో ముగించింది.

ఈ మోసం రెండో వైపు నుంచి కూడా జరుగుతుంది. 2018లో మొదటి సీడ్ వర్జీనియా, 16వ సీడ్ అయిన మేరీల్యాండ్ బాల్టిమోర్ కౌంటీ యూనివర్సిటీ చేతిలో 74-54తో ఓడింది. పురుషుల టోర్నమెంటులో 16వ సీడ్ మొదటి సీడ్‌ను ఓడించడం అదే మొదటిసారి. దేశమంతా నవ్వింది. మరుసటి ఏడాది ఛాంపియన్ వర్జీనియానే. 2023లో పర్డ్యూ కూడా సరిగ్గా అలాగే ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడింది. ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ తిరిగొచ్చాడు, 2024లో ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. ఒక రాత్రి అవమానాన్ని చూసి ఈ జట్లను కొట్టేసినవాళ్ళు, ముప్పైకి పైగా మ్యాచ్‌ల ఆటను మరచిపోయారన్నమాట.

ఏ లెక్కకైనా మొదటి నియమం ఇదే. నవంబర్ నుంచి మార్చి దాకా ఆడిన ఆటంతా తూచాలి. చివరి మూడు వారాలకు అందులో తమ వంతు బరువే ఇవ్వాలి.

ఆదాయం, వ్యయం

పంచాంగంలో రాశి ఫలాలు చూసేటప్పుడు మన పెద్దలు ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని చూస్తారు. కాలేజీ జట్టుకూ ఆ రెండు గళ్ళు గీయడమే అంచనాలో అసలు పని. ప్రొఫెషనల్ జట్టులో మంచి ఆటగాడు పదేళ్ళు ఉండొచ్చు. కాలేజీలో సాధారణంగా నాలుగు సీజన్లే ఆడనిస్తారు. ప్రతి వసంతంలోనూ జట్టులో కొంత భాగం కరిగిపోతుంది.

వ్యయం లెక్కకు పేర్ల కంటే నిమిషాలు నమ్మకమైనవి. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో అయిదుగురు, అంటే మ్యాచ్‌కు 200 ఆటగాడి నిమిషాలు. వెళ్ళిపోతున్నవాళ్ళు సగటున 34, 31, 28, 17 నిమిషాలు ఆడేవాళ్ళనుకోండి. మొత్తం 110. మిగిలింది 90, అంటే నూటికి 45 వంతు ఆట మాత్రమే తిరిగి వస్తోంది. 'నలుగురే కదా పోయింది' అని విన్నప్పటి భావానికీ, ఈ 45కీ ఎంత తేడా ఉందో చూడండి. ఆ 90 నిమిషాలవాళ్ళు బంతిని నడిపించేవాళ్ళా, లేక ఎవరో పాస్ ఇస్తే వేసేవాళ్ళా అన్నది తర్వాతి ప్రశ్న. బంతి నడిపేవాడు పోతే మిగిలినవాళ్ళ అంకెలు కూడా పడతాయి.

తిరిగి వస్తున్న ఆటగాడు నిరుడు ఆడినట్టే ఆడతాడనుకోవడం కూడా పొరపాటే. మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి ఆట ఎక్కువగా మెరుగుపడుతుంది. ఆ తర్వాత మెరుగుదల నెమ్మదిస్తుంది. అందుకే రెండో ఏడాదిలో అడుగుపెడుతున్నవాళ్ళు ఎక్కువగా ఉన్న జట్టును మేము ఎప్పుడూ ఒక మెట్టు పైన పెట్టి చూస్తాం. అయిదో ఏడాది ఆటగాళ్ళతో నిండిన జట్టులో కొత్తగా పెరిగేది తక్కువ.

ఆదాయం గడిలో మొదట హైస్కూలు నుంచి వచ్చే కొత్త పిల్లలు ఉంటారు. వీళ్ళకు వచ్చినంత ప్రచారం ఇంకెవరికీ రాదు. దేశంలో మొదటి అయిదుగురిలో ఉన్న కుర్రాడు చాలావరకు మొదటి రోజు నుంచే ఆడతాడు. యాభయ్యో స్థానంలో ఉన్నవాడు మొదటి ఏడాది బెంచి మీద కూర్చోవచ్చు. జాబితాల్లో ఇద్దరికీ మధ్య కనిపించే దూరం కంటే కోర్టులో కనిపించే దూరం చాలా ఎక్కువ. 2012లో ఆంథనీ డేవిస్ మొదలైన కొత్త కుర్రాళ్ళతో కెంటకీ ఛాంపియన్ అయింది. వాళ్ళంతా ఎన్.బి.ఏ.కు వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది మళ్ళీ పేరున్న కొత్తవాళ్ళే వచ్చారు, ముందస్తు ర్యాంకు 3. ఆ జట్టుకు టోర్నమెంటులో చోటు రాలేదు. రెండో మెట్టు టోర్నమెంటుకు వెళ్ళి రాబర్ట్ మోరిస్ అనే చిన్న కాలేజీ చేతిలో 59-57తో ఓడింది. కోచ్ అతనే, పద్ధతి అదే. రెండేళ్ళకు మధ్య తేడా కొత్త పిల్లల స్థాయిలోనూ, వాళ్ళ పక్కన నిలబడ్డ పాతవాళ్ళలోనూ ఉంది.

ట్రాన్స్‌ఫర్లు వచ్చాక మారిన లెక్క

పాత రోజుల్లో ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారిన ఆటగాడు ఒక ఏడాది ఖాళీగా కూర్చోవలసి వచ్చేది. అందుకని మారేవాళ్ళు తక్కువ. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే నమోదు పద్ధతి వచ్చింది. 2021లో ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదన్నారు. 2024లో చదువు సరిగ్గా సాగుతున్నంత కాలం ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చన్నారు. మధ్యలో 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, ముఖం మీద వ్యాపార ఒప్పందాలతో డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, యూనివర్సిటీలే అన్ని ఆటలకూ కలిపి మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్ళకు నేరుగా ఇచ్చే వీలు కలిగింది.

ఫలితంగా 2025 వసంతంలో ఒక్క డివిజన్ 1 పురుషుల బాస్కెట్‌బాల్‌లోనే రెండు వేలకు పైగా ఆటగాళ్ళు పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నారు. ఇంకా టోర్నమెంటు నడుస్తుండగానే, మార్చి 24న ఆ తలుపు తెరుచుకుంది. మన పాఠకులకు సులువుగా చెప్పాలంటే ప్రతి ఏడాదీ ఐ.పి.ఎల్. మెగా వేలం జరుగుతున్నట్టు. తేడా ఒక్కటే. వేలంలో జట్టు ఆటగాడిని ఎంచుకుంటుంది, ఇక్కడ ఆటగాడే జట్టును ఎంచుకుంటాడు. నిలుపుకునే హక్కు ఏ కోచ్‌కూ లేదు.

దీనితో ఒక్క వేసవిలో జట్టు తలరాత మారిపోతోంది. మిషిగన్ 2023-24లో 8 గెలిచి 24 ఓడింది. కొత్త కోచ్ డస్టీ మే వచ్చాడు. ఫ్లోరిడా అట్లాంటిక్‌లో తన దగ్గర ఆడిన వ్లాదిస్లావ్ గోల్డిన్‌ను వెంట తెచ్చుకున్నాడు, యేల్ నుంచి డానీ వుల్ఫ్ వచ్చాడు. మరుసటి సీజన్‌లో 27 గెలుపులు, 10 ఓటములు. లూయివిల్ కూడా సరిగ్గా 8-24 నుంచి, కొత్త కోచ్ పాట్ కెల్సీ దాదాపు మొత్తం జట్టును కొత్తగా కట్టగా, 27-8కి చేరింది. 'నిరుడు ఎంత గెలిచారు' అన్న ప్రశ్న ఒక్కటే పట్టుకున్నవాళ్ళు ఈ రెండింటినీ అడుగున పెట్టి ఉంటారు.

అలాగని పోర్టల్‌లో పెద్ద పేర్లు కొన్న జట్టే పైకి వస్తుందని కాదు. మారి వచ్చే ఆటగాడి అంకెలను అలాగే కొత్త జట్టులో అతికించకూడదు. చిన్న కాన్ఫరెన్సులో మ్యాచ్‌కు 20 పాయింట్లు చేసినవాడికి, పెద్ద కాన్ఫరెన్సులో ఎదురుగా నిలబడేవాడు రెండంగుళాలు పొడుగు, ఒక అడుగు వేగం. పైగా అక్కడ జట్టులో బంతి అతని ఒక్కడి చేతిలో ఉండేది, ఇక్కడ ముగ్గురితో పంచుకోవాలి. మేము గమనించినంతలో చిన్న చోటి నుంచి పైకి వచ్చినప్పుడు పాయింట్లు తగ్గుతాయి. రీబౌండ్లు పట్టే నేర్పు, ఫ్రీ త్రో వేసే చెయ్యి మాత్రం వెంట వస్తాయి. పెద్ద జట్టులో ఆడే అవకాశం రాక కిందికి దిగినవాడి విషయంలో దీనికి తలకిందులు.

2025 ఛాంపియన్ ఫ్లోరిడాను చాలామంది 'ట్రాన్స్‌ఫర్ల జట్టు' అన్నారు. నిజమే, వాల్టర్ క్లేటన్ జూనియర్ ఐయోనా నుంచి, విల్ రిచర్డ్ బెల్మాంట్ నుంచి, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వచ్చినవాళ్ళే. అయితే రిచర్డ్ 2022లో, క్లేటన్ 2023లో వచ్చారు. ఆ వేసవిలో కొత్తగా వచ్చింది ముగ్గురిలో మార్టిన్ ఒక్కడే. అంటే ఆదాయం గడిలో ఒకప్పుడు చేరినవాళ్ళు వ్యయం గడిలోకి పోకుండా నిలిచారు. ఆ జట్టు 2024 టోర్నమెంటులో మొదటి మ్యాచ్‌లోనే కొలరాడో చేతిలో 102-100తో ఓడింది, 2024-25కు ముందస్తు ర్యాంకు 21. మొదటి ర్యాంకు కాన్సాస్‌ది. చివరికి కాన్సాస్ 7వ సీడ్‌కు పడిపోయి మొదటి మ్యాచ్‌లో ఓడింది. ఫ్లోరిడా హ్యూస్టన్‌ను 65-63తో ఓడించి కప్పు ఎత్తింది. ట్రాన్స్‌ఫర్లను లెక్కించేటప్పుడు 'ఎవరు వచ్చారు' అన్నదాని కంటే 'వచ్చినవాళ్ళలో ఎవరు నిలిచారు' అన్నదే బలమైన గుర్తు అని మా అభిప్రాయం.

అంకెలు చదివేటప్పుడు

జట్టు మ్యాచ్‌కు 85 పాయింట్లు చేస్తుందంటే మంచి జట్టనుకుంటాం. కొన్ని జట్లు పరుగులు పెడతాయి, కొన్ని నిదానంగా ఆడతాయి. పరుగెత్తే జట్టుకు అవకాశాలే ఎక్కువ. అందుకని బంతి చేతికి వచ్చిన ప్రతి 100 సార్లకు ఎన్ని పాయింట్లు చేశారు, ఎన్ని ఇచ్చారు అని లెక్కగట్టి, ఎదురు జట్టు బలాన్ని బట్టి సవరించాలి. వాతావరణ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన కెన్ పొమరాయ్ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చాడు. కెన్‌పామ్ అని పిలిచే అతని ర్యాంకులను ఇప్పుడు కోచ్‌లు కూడా చూస్తారు. బార్ట్ టార్విక్ నడిపే ర్యాంకులు కూడా ఇదే కోవలోవి. వానలను అంచనా వేసే మనిషి ఆటను అంచనా వేయడం మాకు సబబుగానే తోస్తుంది. రెండింటిలోనూ 'నూటికి ఇంత' అని చెప్పాలే తప్ప ఖాయమని చెప్పకూడదు.

నిరుటి అంకెల్లో అదృష్టం ఎంత కలిసిందో కూడా విడదీయాలి. రెండు మూడు పాయింట్ల తేడాతో ముగిసిన మ్యాచ్‌లు పది ఆడి ఎనిమిది గెలిచిన జట్టు, వచ్చే ఏడాది అలాంటివి పదిలో అయిదారు గెలవడమే సహజం. చివరి నిమిషంలో గెలవడం గుండె ధైర్యమని అభిమానులు అంటారు. అంకెలు మాత్రం ఆ ధైర్యం ఏటేటా కొనసాగదని చూపిస్తాయి. ప్రత్యర్థులు దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు ఎన్ని పడ్డాయన్నదీ అలాంటిదే. ఎదుటివాడు అలాంటి షాట్లు ఎన్నిసార్లు ప్రయత్నించాలన్నది రక్షణ జట్టు చేతిలో చాలావరకు ఉంటుంది. వేసినవాటిలో ఎన్ని బుట్టలో పడాలన్నది పెద్దగా దాని చేతిలో లేదు. నిరుడు ప్రత్యర్థుల గురి తప్పడం వల్ల బాగా కనిపించిన రక్షణను మేము అంత తొందరగా నమ్మం.

గెలుపుల సంఖ్య చెప్పే ముందు ఎవరితో ఆడబోతున్నారో చూడటం తప్పనిసరి. 2024లో కూటములు మారాయి. పశ్చిమ తీరం నుంచి నాలుగు జట్లు చేరి బిగ్ టెన్‌లో 18 జట్లయ్యాయి. పేరు మాత్రం టెన్ గానే ఉండిపోయింది. ఆ 18 జట్లూ కూటమి లోపల తలా 20 మ్యాచ్‌లు ఆడితే మొత్తం 180 మ్యాచ్‌లు, అంటే 180 గెలుపులు, 180 ఓటములు. ఎన్ని కోట్లు ఖర్చు పెట్టినా ఈ మొత్తం మారదు. ఆ 18 జట్ల అభిమానులను 'మీరు ఎన్ని గెలుస్తారు' అని అడిగి కూడితే 180 ఎప్పుడో దాటిపోతుంది. మీ పిల్లల జట్టు బలపడితే సంతోషమే, పక్క జట్లు ఎంత బలపడ్డాయో కూడా అడగండి.

ముందస్తు ర్యాంకులను ఎంత నమ్మాలి?

ఇన్ని పల్టీలు చెప్పాక ఈ మాట వింతగా ఉంటుంది కానీ, అక్టోబర్ ర్యాంకులు జనం అనుకునేంత చెత్త కాదు. 2012 నుంచి 2025 వరకు, కోవిడ్ వల్ల ఆట ఆగిన 2020ని మినహాయిస్తే, 13 మంది ఛాంపియన్లు. వాళ్ళలో తొమ్మిది జట్లు ముందస్తు ర్యాంకుల్లో మొదటి ఆరింటిలో ఉన్నవే. 360కి పైగా జట్లలో ఆరింటిని ఎంచి, పదమూడింటిలో తొమ్మిదిసార్లు ఛాంపియన్‌ను అందులో పట్టుకోవడం చిన్న విషయం కాదు. మిగిలిన నాలుగూ 2014, 2023లలో కనెక్టికట్, 2016లో విల్లనోవా, 2025లో ఫ్లోరిడా. వీటిలో 2023 కనెక్టికట్‌కు అక్టోబర్‌లో మొదటి 25లో చోటే లేదు. 2011లో గెలిచినప్పుడు కూడా దానికి ముందస్తు ర్యాంకు లేదు. కొన్ని జట్లకు అదే అలవాటేమో.

అదే జాబితాలో మొదటి ర్యాంకు ఒక్కదాన్నే చూస్తే కథ వేరు. ముందస్తు మొదటి ర్యాంకుతో మొదలుపెట్టి కప్పు గెలిచిన జట్టు 2009 నార్త్ కరోలినా తర్వాత 2025 వరకు ఒక్కటీ లేదు. రెండు మాటలూ నిజమే. ఇందులో వైరుధ్యం ఏమీ లేదని చిన్న గుణకారం చెబుతుంది. కప్పు గెలవాలంటే వరసగా ఆరు మ్యాచ్‌లు గెలవాలి. ప్రతి మ్యాచ్‌లోనూ నూటికి 80 వంతులు గెలిచే అవకాశం ఉన్న గట్టి జట్టుకు కూడా ఆరూ గెలిచే అవకాశం నూటికి 26 మాత్రమే. ప్రతి మ్యాచ్‌కు 90 అనుకున్నా 53. 2014-15లో కెంటకీ మొదటి ర్యాంకుతో మొదలై 38 మ్యాచ్‌లు వరసగా గెలిచి, సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో 71-64తో ఓడింది. ఆ ఏడాది అక్టోబర్ అంచనా తప్పిందని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం.

అందుకే ఒక అంచనా మంచిదా కాదా అని ఛాంపియన్‌ను బట్టి తేల్చకండి. ఆ జాబితాలో పైన పెట్టిన పది జట్లు మొత్తం సీజన్ ఎలా ఆడాయో, కింద పెట్టిన పది ఎలా ఆడాయో చూడండి. ఒకే ర్యాంకు ఇచ్చేవాడి కంటే 'ఈ జట్టు 18 నుంచి 25 గెలుపుల మధ్య ఉంటుంది' అనేవాడు నిజాయితీపరుడు.

మహిళల ఆటలో ఇదే లెక్క కొంచెం వేరుగా నడుస్తుంది. పెద్ద జట్లకూ మిగిలినవాటికీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి అంచనాలు పురుషుల ఆటలో కంటే నిలకడగా ఉంటాయి. అక్కడా ఒక పాఠం ఉంది. సౌత్ కరోలినా 2023 సెమీఫైనల్లో అయోవా చేతిలో ఓడాక మొదటి అయిదుగురూ వెళ్ళిపోయారు. 2023-24కు మొదటి ర్యాంకు ఎల్.ఎస్.యు.కు ఇచ్చి దీన్ని ఆరో స్థానానికి దించారు. డాన్ స్టేలీ జట్టు 38 ఆడి 38 గెలిచింది, ఫైనల్లో అదే అయోవాను 87-75తో ఓడించింది. నిరుడు బెంచి మీద నుంచి వచ్చి ఆడిన కమిల్లా కార్డోసో వంటివాళ్ళు ఇంకో జట్టులో ఉంటే మొదటి అయిదుగురిలోనే ఉండేవారు. నిమిషాలు లెక్కపెట్టినప్పుడు తిరిగొచ్చే నిమిషాలు ఎన్నో కాక, ఆ నిమిషాల్లో ఎలా ఆడారో చూడాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

పందెం దగ్గర ఆగండి

2018 మే 14న అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుతో ఆటల పందేలను అనుమతించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టమైంది. ఆ తర్వాత సగానికి పైగా రాష్ట్రాలు అనుమతించాయి. చాలా చోట్ల 21 ఏళ్ళు నిండాలి. న్యూయార్క్, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో తమ రాష్ట్రపు కాలేజీ జట్ల మీద పందెం నిషిద్ధం. అంటే ఒక రాష్ట్రంలో చదివే పిల్లవాడికి చెల్లేది సెలవులకు పక్క రాష్ట్రంలో ఉన్న బాబాయి ఇంటికి వెళ్తే చెల్లకపోవచ్చు. చదువు వీసా మీద ఉన్నవాళ్ళు చట్టం తెలియకుండా ఇందులో వేలు పెట్టడం ఏ విధంగానూ మంచిది కాదు. ఇక మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ నిషేధించింది. ఇక్కడ కూర్చుని అక్కడి జట్టు మీద ఫోనులో డబ్బు పెట్టమని ఎవరైనా లింకు పంపితే దాన్ని తెరవకుండా తీసేయండి.

చట్టాన్ని పక్కన పెట్టి లెక్క మాత్రమే చూసినా పందెం గిట్టుబాటు కాదు. అక్కడ మామూలుగా 100 డాలర్లు గెలవడానికి 110 పెట్టాలి. ఆ లెక్కన నష్టపోకుండా ఉండటానికే నూటికి 52.4 సార్లు సరిగ్గా చెప్పాలి. సీజన్ మొదలుకాక ముందే 'ఛాంపియన్ ఎవరు' అని పెట్టే పందెంలో పరిస్థితి ఇంకా అన్యాయం. పందెం కంపెనీ అన్ని జట్లకూ ఇచ్చే అవకాశాలను కూడితే నూరు దాటుతుంది, ఆ దాటిన భాగమే దాని లాభం. మీరు పెట్టిన డబ్బు అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా వాళ్ళ దగ్గరే ఉంటుంది. నిమిషాలు, పొజెషన్లు, ట్రాన్స్‌ఫర్లు అన్నీ లెక్కగట్టే మనుషులు ఆ కంపెనీలలో జీతాలకు పనిచేస్తున్నారు. జట్టు మీద అభిమానంతో డబ్బు పెట్టే విద్యార్థి వాళ్ళతో పోటీ పడుతున్నాడని ఇంట్లోవాళ్ళు ఒకసారి నెమ్మదిగా చెప్పాలి. ఫీజు కోసం ఇక్కడ పొలమో, బంగారమో తాకట్టు పెట్టి పంపిన డబ్బు అది. తిట్టక్కర్లేదు, 52.4 అంకె ఎలా వచ్చిందో అడిగి వాడి చేతే లెక్క కట్టించండి.

పిల్లలతో కలిసి సరదాగా అంచనాలు వేసుకోవాలనుకునేవారికి రోజుల లెక్క ఒకటి చెప్పి ముగిస్తాం. ఏప్రిల్‌లో వచ్చే జాబితాలను చదివి పక్కన పెట్టండి. ఎన్.బి.ఏ. డ్రాఫ్ట్ నుంచి పేరు వెనక్కి తీసుకునే గడువు మే నెల చివర్లో దాటుతుంది. ఆదాయ వ్యయాల గళ్ళు నింపడానికి జూన్ మొదటి వారం సరైన సమయం. అక్టోబర్‌లో విలేఖరుల ర్యాంకులు వచ్చినప్పుడు మీ కాగితంతో పోల్చుకోండి. నవంబర్‌లో మొదటి అయిదారు మ్యాచ్‌లు చూసి కాగితాన్ని చింపేయకండి. ఆ మ్యాచ్‌లు చాలావరకు పెద్ద జట్లు తమ సొంత కోర్టులో చిన్న జట్లతో ఆడేవే, సొంత కోర్టు ఒక్కటే సుమారు మూడు పాయింట్ల విలువ చేస్తుంది. పొమరాయ్ తన ముందస్తు అంచనాకు కొంత బరువును జనవరి దాకా ఉంచుతాడు. మీ కాగితాన్ని కూడా సంక్రాంతి దాకా ఉంచి, కూటమి మ్యాచ్‌లు మొదలయ్యాక అప్పుడు దిద్దుకోవచ్చు.